ఏడు కాయల గెల

కొబ్బరిచెట్టు ఏడు కాయల గెల వెయ్యదు. ఆరు వేస్తుంది, ఎనిమిది వేస్తుంది, మనసైతే పన్నెండూ వేస్తుంది గాని ఏడు మాత్రం చచ్చినా వెయ్యదు. లోకంలో ఇంతమంది శాస్త్రవేత్తలుండి, తరతరాలుగా కొబ్బరినీళ్లు తాగుతూ కూడా పట్టుకోలేకపోయిన ఈ రహస్యాన్ని కనిపెట్టినవారు ఒకే ఒక్కరు. సున్నా కనిపెట్టినవాళ్ల పక్కన ఆయనకో కుర్చీ వెయ్యాలి. వేసినా వెంటనే కూర్చోరు. ముందు కుర్చీ కాళ్లు సమానంగా ఉన్నాయో లేదో కొలుస్తారు.

ఆయన పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. పేరు పూర్తిగా పలికేలోగా ఎక్కాల్సిన బస్సు రావులపాలెం దాటిపోతుంది కాబట్టి అందరూ మాస్టారనే అంటారు. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెన్షను, అంబాజీపేట దగ్గర తండ్రి ఇచ్చిన కొబ్బరితోట, భార్య రత్నమాల గారు, ఇంటర్‌తో చదువుకు దండం పెట్టేసిన మనవడు ఉదయ్, ఇదీ ఆయన ఆస్తి. ఈ కథ రాస్తున్నది ఆ ఆస్తిలో చివరిది.

మాస్టారికి ప్రపంచంలో పడనిది మూఢనమ్మకం. రాహుకాలం చూసుకుని మరీ ప్రయాణం కడతారు, అది దాటిపోతే ఆ రోజుకి మానేస్తారు. పిల్లి ఎదురైతే ఆగి నమస్కారం పెడతారు. గ్రహణం రోజున వీధి అరుగు మీద కూర్చుని, దారినపోయేవాళ్లందరికీ కనబడేలా పెసరట్టు తింటారు.

"నలుగురూ చూడకపోతే అరగదాండీ మీకు?" అని రత్నమాల గారు అడిగితే, "ఇది టిఫిను కాదే, ఉద్యమం" అంటారు.

ఒకప్పుడు రాజ్ కుమార్ అనే కుర్రాడు తనకు అచ్చొచ్చిన పెన్నని పరీక్షకు ఒక పాత పెన్ను తెచ్చుకుంటే, "అంకెకి శకునం లేదురా" అంటూ దాన్ని కిటికీలోంచి విసిరేశారు. ఆ రాజ్ కుమారే ఇప్పుడు అదే కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరరు. పెన్ను ఇంకా దొరకలేదు.

అతని దగ్గరే యామిని ఆనర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. యామిని మాస్టారి పక్కింటి నాగబాబు కూతురు. నాగబాబు మస్కట్‌లో ఏసీలు బిగిస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. ఆనర్స్ రావాలంటే సొంతంగా ఒక పరిశోధన చేసి, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే పరీక్షకుల్ని ఒప్పించాలి. ఒప్పించలేకపోతే ఏడాది పోతుంది, దాంతోపాటు పైచదువు సీటూ పోతుంది.

"మాస్టారూ, కొబ్బరి గెలకి ఎన్నేసి కాయలుంటున్నాయో లెక్కపెట్టి, దాంట్లో ఏదైనా సూత్రం ఉందేమో చూద్దామనుకుంటున్నానండీ" అంది యామిని.

"మన తోట ఉండగా ఇంకెక్కడికెళ్తావమ్మా! లెక్క నేను పెడతాను, నువ్వు రాసుకో."

కాయలు దింపే రోజున చెట్టెక్కిన దింపుమనిషి శ్యామ్ బాబుకి మాస్టారు కిందనుంచి ఆజ్ఞలు మొదలుపెట్టారు.

"కాయలు రాల్చెయ్యకు. గెలని గెలగా తాడుకట్టి దించు."

"ఆయ్. పల్లకీ కూడా చేయించమంటారాండీ?"

"చేయిస్తే ముందు నిన్నెక్కిస్తాను. దించు!"

నెత్తిన కాయ పడుతుందని యామినిని దూరంగా కాలవగట్టు మీద కూర్చోబెట్టారు. మాస్టారు చెట్టు కింద నిలబడి, గెలలో కాయలు తడిమి, ఎన్నున్నాయో గట్టిగా కేకేసేవారు. ఆమె విన్నది విన్నట్టు లాప్‌టాప్‌లో కొట్టుకునేది. ఉదయ్ గెలలు మోశాడు. పరిశోధనల్లో మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ రాయడమైంది.

కొన్ని దింపులయ్యాక యామిని గ్రాఫు గీసి తెచ్చింది. గీత అయిదు దగ్గర లేచి, ఆరు దగ్గర ఆకాశాన్నంటి, ఏడు దగ్గర దబ్బున నేలమీద పడి, ఎనిమిది దగ్గర మళ్లీ లేచింది. ముందుపన్ను ఊడిన నోరులా ఉంది. ఇది చాలదన్నట్టు ఒకటి దగ్గర ఒక గుట్ట.

"ఏడు కాయల గెల ఒక్కటీ లేదండీ. ఒంటికాయ గెలలు మాత్రం బోలెడున్నాయి."

ఇంకెవరైనా అయితే తప్పెక్కడ జరిగిందా అని వెతుక్కుంటారు. తన నోటి లెక్క మీద తనకే అనుమానం రావడం మాస్టారి జీవితంలో లేదు. గదిలో అటూ ఇటూ తెగ తిరిగి, ఉన్నట్టుండి బనీనుతోనే పక్కింటికి పరిగెత్తారు.

"అమ్మాయ్, దొరికింది! ఆరు కాయలయ్యేసరికి ఇక చాలనుకుంటుంది చెట్టు. ఆ పై కాయ చేత వేరు కాపురం పెట్టిస్తుంది. అందుకే ఈ ఒంటికాయ గెలలు!"

"మరి ఎనిమిదులూ తొమ్మిదులూ ఎలా వచ్చేయండీ?"

"అవి ఉమ్మడి కుటుంబాలు."

టీకొట్టు దగ్గర కూడా ఈ సిద్ధాంతం చెప్పారు. "మా తోటలో ఏడేసి కాయలు కాస్తున్నాయండీ" అని ఒక రైతు అంటే, "నీది హైబ్రిడ్డయ్యుంటుంది" అని కొట్టిపారేశారు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షకురాలు ఝాన్సీ గారు. కోనసీమకు వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదని, ఆవిడ కారులో పెట్టించడానికి మాస్టారు బస్తాడు కాయలు ఉదయ్ నెత్తిన పెట్టించుకొచ్చి, తను వెనక బెంచీలో కూర్చున్నారు.

ఝాన్సీ గారు గ్రాఫు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"చెట్లు ఇలా కాయవమ్మా. ఈ అంకెలు తోటలో పుట్టేయా, ఇంట్లో కూర్చుంటే పుట్టేయా?"

కాయలు వేరు కాపురం పెడతాయని చెప్పబోయి, ఆ మాట ఆ గదిలో ఎలా వినిపిస్తుందో అప్పుడే తెలిసొచ్చి యామిని ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజ్ కుమార్ బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"దొంగ లెక్కయితే నేను సంతకం పెట్టలేనమ్మా."

మాస్టారు లేచారు. "దొంగ లెక్క కాదండీ. ప్రతి గెలా నా చేత్తో ముట్టుకుని చెప్పేను. ఇన్నేళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, కాయలు లెక్కపెట్టలేనాండీ?"

"ఏదీ, పెట్టండి చూద్దాం."

బస్తా గుమ్మం దగ్గరే ఉంది. మాస్టారు నేలమీద గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కాయా తీసి పక్కన పెట్టసాగారు.

"లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొక్కటి. ఎనిమిది..."

"ఆగండాగండి. ఆరు తరవాత ఏమన్నారు?"

"ఆరున్నొక్కటి."

యామిని గబుక్కున లేచింది. "మాస్టారూ! నేను ఆరు, ఒకటి అనుకున్నానండీ! ఆరు కాయల గెలొకటి, ఒక కాయ గెలొకటీ అని విడివిడిగా కొట్టేసేనండీ!"

"మరి నిజంగా ఒకే కాయ ఉన్నప్పుడు లాభం అని అరిచేను కదమ్మా?"

"మీరు సంతోషపడుతున్నారనుకున్నానండీ."

కొబ్బరికొట్లలో పెద్దవాళ్లు లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు తగులుకుంటుందని ఆ అంకెని అలా పక్కనుంచి దాటేస్తారు. మాస్టారి నాన్నగారు పోలిరాజు గారిది కొబ్బరికొట్టు.

"ఏడు అంటే ఏమవుతుందండీ?" అని ఝాన్సీ గారు నింపాదిగా అడిగారు.

మాస్టారికి అక్కడొక సులువైన దారి కనబడింది. ఇది మా ఊరి అలవాటండీ, ఇంగ్లీషు మీడియం పిల్లకి అర్థం కాలేదు, అని నవ్వేసి కూర్చుంటే సరిపోతుంది. తప్పు యామిని ఖాతాలో పడుతుంది. అరుగు మీద తిన్న పెసరట్లన్నీ భద్రంగా ఉంటాయి. ఆయన యామిని వైపు చూశారు. ఆ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. రాజ్ కుమార్ వైపు చూశారు. అతను కన్నార్పకుండా తననే చూస్తున్నాడు.

"తప్పు నాదండీ. చిన్నప్పుడు మా నాన్న కొట్లో ఒకసారి ఏడు అన్నాను. మూతి పగిలింది. బోర్డు మీదైతే ఎంత పెద్ద అంకైనా రాసేస్తాను గాని, కాయ చేతిలో ఉంటే మాత్రం అది నోట రాదండీ. నాకు భయం."

మొదట నవ్విందెవరో చెప్పక్కర్లేదు. రాజ్ కుమార్ బల్ల మీద తల పెట్టుకుని, పోయిన పెన్నుకి సరిపడా నవ్వాడు. అతణ్ని చూసి గదంతా నవ్వింది. ఆఖరికి ఝాన్సీ గారు కూడా కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు.

"అమ్మాయ్, ఒకటి అని ఉన్న ప్రతిచోటా దాని ముందు ఆరు ఉందేమో చూడు" అన్నారావిడ.

యామిని లాప్‌టాప్ మీదకి వంగింది. ఎంతసేపు వెతికినా ముందు ఆరు లేని ఒకటి కనబడలేదు. "అన్నిచోట్లా ఉందండీ!"

"అయితే ఆ రెండూ కలిపి ఏడు చేసి గ్రాఫు మళ్లీ గియ్యి. లాభం అన్న ఒంటికాయ గెలలు ఎన్ని జారిపోయేయో తెలియదని కూడా రాయి. ఈ భాగోతం మాత్రం దాచకు, దీనికో అధ్యాయం పెట్టు."

కొత్త గ్రాఫులో ఊడిన పన్ను మొలిచింది, పక్కనున్న గుట్ట మాయమైంది. ఝాన్సీ గారు సంతకం పెట్టారు. వేరు కాపురాల సిద్ధాంతం అక్కడికక్కడే కన్నుమూసింది. యామిని ఆ అధ్యాయానికి "ఆరున్నొక్కటి" అని పేరు పెట్టి, మస్కట్‌కి ఫోన్ చేసి, వాళ్ల నాన్నకి ఆనర్స్ వచ్చిన సంగతికంటే ముందు ఈ సంగతే చెప్పింది.

ఆ తరవాతి దింపులో ఉదయ్ ఒక కాయ తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు.

"తాతయ్యా, నీ గురించి అంతా రాసేను. చివర్లో నువ్వీ కాయ పట్టుకుని ఒక్కసారి ఏడు అన్నావనుకో, భయం పోయిందని చదివేవాళ్లు చప్పట్లు కొడతారు. అనవా?"

"నీ చప్పట్ల కోసం నేనెందుకంటానురా? అంత సరదాగా ఉంటే నువ్వే ఏడు."