మా డాబా మీది సూర్యుడికి పర్మిషన్

మా భివండి పద్మనగర్‌కు రావడానికి సూర్యుడికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పొద్దున్నే వచ్చి డాబాల మీద బైఠాయిస్తాడు, మగ్గాల షెడ్ల రేకులను పెనాల్లా కాలుస్తాడు, చీకటి పడేదాకా కదలడు. అదే సూర్యుణ్ని పట్టి కాస్త తీగలోకి పంపుతానంటే మాత్రం, ఆయన తరఫున కరెంటు ఆఫీసులో నేను దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయనకు ఆధార్ కార్డు లేదు కాబట్టి నాది ఇచ్చాను.

ఈ పాట్లన్నీ మా అమ్మ ఊపిరి కోసం. మా ఇంటి కింద మగ్గాల షెడ్డు, పైన మేము. అమ్మ వయసంతా ఆ షెడ్డులో కండెలు చుట్టింది. ఆమె కండెలకు చుట్టిన దారం విప్పితే చంద్రుడి దాకా వెళ్లి, అక్కడ ఏదైనా గుంజకు ముడేసి, మిగిలింది మళ్లీ భివండికి తెచ్చుకోవచ్చు. దారం కండెల్లోకి పోయింది, దారం నూగు ఆమె గుండెల్లోకి పోయింది. నిరుటి నుంచి నాలుగు మాటలు మాట్లాడితే అయిదోది ఈలగా బయటికొస్తోంది. కిటికీలు మూసి ఏసీ గదిలో ఉంచమన్నాడు డాక్టరు. వేడీ నూగూ ఇలాగే తగులుతుంటే ఈ ఎండాకాలం ఆస్పత్రి మంచం మీదే గడుస్తుందన్నాడు.

ఆ సాయంత్రమే ఏసీ తెచ్చి గోడకు బిగించాను. అమ్మ దాన్ని కిందనుంచి పైదాకా చూసింది.

“గిదెంత కరెంటు తింటది?”

“ఒక మగ్గమంత. మహా అయితె ఒకటిన్నర.”

“మగ్గం తింటె బట్టన్న ఇస్తది. గిదేమిస్తది? బంద్ చెయ్.”

“నీకు ఊపిరిస్తదమ్మా.”

“నా ఊపిరికి మగ్గమంత కరెంటెందుకురా. గాలి ఫుకట్ల వస్తది.”

ఆ ఫుకట్ గాలిలోనే ఆమెను చంపేంత నూగు ఉందని ఎవరు చెప్పాలి? చెప్పాను. వినలేదు. మా డాబా మీద అప్పటికే చిన్న సోలార్ ఉంది. ఫ్యాన్లూ లైట్లూ నడిపి, ఇక చేతకాక చతికిలబడే రకం. అమ్మకు ఆ ఒక్క కరెంటు మీద గౌరవం. చివరికి తనే దారి చూపింది: “సూర్యుని కరెంటైతె నడుపు. ఆయన ఎవ్వని నోట్లెకెల్లి గుంజుకస్తలేడు.”

సరే, పెద్ద సోలార్ వేద్దామనుకున్నాను. బిగించే ఠేకేదారు కల్యాణ్ నుంచి వచ్చి డాబాను కొలిచాడు. “పలకలు ఎన్నంటే అన్ని ఎక్కిస్తాను సేఠ్, పర్మిషన్ మాత్రం నా చేతుల్లో లేదు” అని హిందీలో తేల్చేశాడు. మధ్యాహ్నం మనం వాడగా మిగిలిన కరెంటు వెనక్కి గల్లీ తీగల్లోకి పోతుందట. దాన్ని మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందో లేదో కరెంటువాళ్లు ముందు తేల్చాలట. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను నేను ఎరుగుదును. మగ్గాలన్నిటినీ మోసి మోసి గూనిదైపోయింది. దాని మూలుగు కల్యాణ్ స్టేషన్లో వినబడి, రైలొచ్చిందనుకుని జనం సామాన్లు సర్దుకుంటారు.

దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో కనబడుతుంది. పళ్లు తోముకుంటూ చూశాను, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని చూశాను, క్షవరం చేయించుకుంటూ చూడబోయి చెవి కోయించుకున్నాను. “పరిశీలనలో ఉంది.” ఎవరు పరిశీలిస్తున్నారో, భూతద్దంతోనా, కళ్లు మూసుకునా, తెలియదు. గదిలోంచి అమ్మ ఈల వినబడినప్పుడల్లా వేలు దానంతటదే ఫోను మీదికి పోయేది. మెట్లు దిగి గల్లీ చివరిదాకా పోయి, ఏమీ తోచక మళ్లీ ఎక్కేవాణ్ని.

“కూసో జర” అంది మా ఆవిడ. “నువ్వు తిరిగే తిరుగుడుకు డైనమో కడితె ఏసీ నడుస్తది.”

ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందని ఎట్టకేలకు తేల్చారు. పాత చిన్న సోలార్ దిగి, కొత్త పలకలు ఎక్కాయి. ఇంజినీరు వచ్చి పరీక్ష చేసి సంతకం పెడితే, కొత్త మీటరు బిగించి సూర్యుణ్ని వదులుతారు.

ఇంజినీరు మా మగ్గాల వారపు సెలవునాడు వచ్చాడు. మగ్గాలన్నీ ఆగి, గల్లీకి చెవుడొచ్చినట్టు ఉంది. పరీక్ష చిన్నదే. బయటి కరెంటు తీస్తే సోలార్ కూడా వెంటనే ఆగిపోవాలి. లేకుంటే స్తంభమెక్కిన లైన్‌మన్‌ను మా సూర్యుడు కొట్టేస్తాడు. కరెంటు మళ్లీ రాగానే, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ కాసేపటికి దానంతటదే లేవాలి. మేమంతా డాబా మీద ఇన్వర్టర్ ముందు పెళ్లి గ్రూపు ఫోటోలా నిలబడ్డాం. కింద మీటరు దగ్గర లైన్‌మన్ కరెంటు తీశాడు. ఇన్వర్టర్ కళ్లు మూసింది. ఇంజినీరు తలూపాడు. కరెంటు మళ్లీ వేశారు.

ఇన్వర్టర్ లేవలేదు. ఠేకేదారు దాన్ని నిమిరాడు, తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. ఇంకాస్త ఉంటే హారతి ఇచ్చేవాడు. ఇంజినీరు గడియారం చూసుకుని, “పని చేయడం లేదు, బాగు చేయించి మళ్లీ దరఖాస్తు పెట్టండి, వరుసలో వస్తాను” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేము ఏడుపు ముఖాలతో కిందికి దిగితే, తలుపు పక్కనున్న స్విచ్చుల డబ్బా ముందు అమ్మ నిలబడి ఉంది. డబ్బాలో ఉన్న స్విచ్చులన్నీ, సోలార్‌దానితో సహా, కిందికి వాలి ఉన్నాయి.

“మీరంత మీద ఫోటోలు దిగుతున్నరు. ఇంట్ల కరెంటు వోయింది, సోయి ఉన్నదా ఎవ్వనికన్న? నేనే అన్ని బంద్ చేసిన.”

మగ్గాల ఊళ్లో పుట్టిన ఎవరికీ ఇది తప్పని తోచదు. కరెంటు పోగానే చెయ్యి స్విచ్చు మీదికి పోవాలి. లేకపోతే కరెంటు తిరిగొచ్చిన క్షణాన, ఎవరూ దగ్గర లేని మగ్గం దయ్యం పట్టినట్టు లేస్తుంది, దారాలు పటపట తెగుతాయి, దారం మోసే నాడె ఎగిరి ఎవరి కన్నో వెతుక్కుంటుంది. మాకు అక్షరాలకంటే ముందు నేర్పింది ఇదే.

“అత్తమ్మా, గా ఆఖరిది సోలార్ స్విచ్చి” అంది మా ఆవిడ మెల్లగా.

“ఏదైతేంది. వోతె బంద్ చెయ్యాలె. నీ మొగన్ని గట్లనే పెంచిన.”

ఆమె వల్లే పరీక్ష పోయిందని చెప్పబోయేలోపే అమ్మ దగ్గొచ్చి గడపమీద కూర్చుండిపోయింది. మళ్లీ దరఖాస్తు. మళ్లీ ఫోను. మధ్యలో ఎండ ముదిరింది, ఈల కూడా ముదిరింది. నేను కరెంటు ఆఫీసుకు ఎన్నిసార్లు పోయానంటే, అక్కడి ప్యూను నన్ను కొత్త ఉద్యోగి అనుకుని టీలు తెమ్మన్నాడు. తెచ్చాను కూడా.

రెండోసారి ఇంజినీరు వస్తున్నాడనగానే, అత్తమ్మను గుడికి తీసుకెళ్తానంది మా ఆవిడ. అమ్మ కదలనంది. “సర్కారోడు ఇంటికస్తుంటె పెద్దమనిషి లేకుంటె ఎట్ల?” ఇక తప్పక అసలు సంగతి చెప్పేశాను. “ముందే చెప్తె ముట్టకపోదును గద” అంది.

అందరూ డాబా ఎక్కారు. నేనూ అమ్మా డబ్బా ముందు రెండు స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. ఫ్యాను ఆగింది. అమ్మ చెయ్యి లేచింది. గబుక్కున పట్టుకున్నాను. ఆమె నా రెండో చేతిని పట్టుకుంది. అది ఎప్పుడు లేచిందో నాకే తెలియదు, అప్పటికే సోలార్ స్విచ్చును తాకుతోంది. ఒకరి మణికట్టు ఒకరం పట్టుకుని, కుస్తీ పోటీలో చివరి రౌండుకొచ్చిన పహిల్వాన్లలా కూర్చున్నాం. ఫ్యాను మళ్లీ తిరిగింది. అయినా వదల్లేదు.

“ఇగ ఇడువరా, తిమ్మిరెక్కుతున్నది.”

“నువ్వు ముందు ఇడువు.”

ఇన్వర్టర్ లేచిందని పైనుంచి ఠేకేదారు కేక వినబడింది: “చాలూ హో గయా సేఠ్.”

సంతకమైంది. కొత్త మీటరు వచ్చింది. మొదటి మధ్యాహ్నం అమ్మ గది తలుపు మూసి ఏసీ వేశాను. డాబా మీది నుంచి వస్తోందా అని రెండుసార్లు అడిగి, దుప్పటి మీదికి లాక్కుని పడుకుంది. కొంతసేపటికి ఈల సన్నబడింది. ఇంకొంతసేపటికి వినబడలేదు. వినబడకపోతే అదో భయం. తలుపు సందు చేసి దుప్పటి లేస్తోందా, పడుతోందా చూశాను. లేస్తోంది.

అప్పుడే కిటికీ అద్దం మసకబారింది. కాల్హేర్ గోదాముల వైపు నుంచి మబ్బొకటి వచ్చి మా డాబా మీద కూర్చుంది. ఏసీ ఆగలేదు. అది ఇప్పుడు తింటున్నది గల్లీ తీగల కరెంటని నాకు తెలుసు. పిల్లిలా లోపలికి నడిచి కిటికీ పరదా లాగాను. రింగులు గణగణమన్నాయి.

అమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది: “ఎండున్నదారా?”

“దంచుతున్నదమ్మా.”

అటు తిరిగి పడుకుంది. మబ్బు పోయేదాకా నేను పరదా పట్టుకుని నిలబడ్డాను.