లాంచీకి కొత్త గీత

నా చిన్నప్పుడు శివరాత్రికి పట్టిసీమ తీర్థానికి లాంచీలో వెళ్ళేవాళ్ళం. ఆ లాంచీల భద్రత చూడటానికి ప్రభుత్వం ఒక ఇనస్పెక్టరును పెట్టింది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

లాంచీ పక్కన ఒక తెల్ల గీత ఉండేది. జనం ఎక్కేకొద్దీ లాంచీ నీళ్ళలోకి దిగుతుంది కదా, నీళ్ళు ఆ గీతను తాకితే ఇంక ఎవరినీ ఎక్కించకూడదని రూలు. ఒక ఏడు పండగ రద్దీలో ఆ గీత ఓనరుకు అడ్డమైంది. ఆ మహానుభావుడు దాని మీద తారు పూయించి, జానెడు పైన కొత్త గీత గీయించాడు. ఇనస్పెక్టరు గారు రేవు మెట్ల మీద గొడుగు కింద నిలబడి, గీత నీళ్ళకు పైనే ఉందని చూసి సంతకం పెట్టేశారు. అంత చదువుకున్న ఆయనకు పచ్చి తారు కనబడలేదట!

లాంచీలో కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాపితే గోదావరి అందుతోంది. నీళ్ళతో ఆడుకుంటుంటే నా వేళ్ళకు నల్లగా అంటుకుంది. మా మేనత్త నా చెయ్యి చూసింది, తర్వాత వంగి పక్కకు చూసింది. నీళ్ళ కింద, తారు చాటున పాత గీత తెల్లగా కనిపిస్తోంది.

అత్త అరవలేదు. ఒడ్డు మీదున్న ఇనస్పెక్టరు గారిని ఎంతో మర్యాదగా పిలిచింది.

"బాబుగారూ, తమరూ తీర్థానికేగా? రండి, మా పక్కన చోటుంది."

"నాకు ఆఫీసు పడవ ఉందండి."

"అందులో ఎంతమంది?"

"నలుగురమండి."

"ఈ లాంచీ భేషుగ్గా ఉందని ఇప్పుడేగా రాశారు. మరి మీకు వేరే పడవెందుకండి?"

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు గాని, అడుగు ముందుకు వెయ్యలేదు. జనమంతా అది చూశారు. అత్త నన్ను లేపి దిగిపోయింది. మా వెనకాల ఒక ముసలమ్మ, ఆవిడ వెనకాల సగం లాంచీ దిగింది. బరువు తగ్గి లాంచీ పైకి లేచేసరికి పాత గీత నీళ్ళ పైకొచ్చి అందరికీ కనబడింది. ఇనస్పెక్టరు గారు మాత్రం కాగితాలు సర్దుకుంటున్నారు.

ఆ లాంచీ మిగిలినవాళ్ళతో క్షేమంగానే వెళ్ళొచ్చింది. "చూశారా, ఏమైంది?" అని ఓనరు ఊరంతా గొప్పలు పోయాడు. సగం మంది దిగిపోబట్టి ఏమీ కాలేదు. ఆ మంచి పేరు కూడా ఆ దిక్కుమాలిన సంతకానికే దక్కింది.

ఇప్పుడు లైఫ్ జాకెట్లు వచ్చాయి. మొన్న మనవరాలితో టూరిస్టు బోటు ఎక్కాను. ఫోటో తీసేదాకా పిల్లకు జాకెట్టు తొడిగి, తీశాక విప్పి పక్క పిల్లకు తొడిగారు. ఇదేంటండీ అంటే, "గవర్నమెంటు పర్మిషన్ ఉందమ్మా, కాగితం చూపించమంటారా?" అన్నాడు బోటాయన.

"కాగితం నాకెందుకు బాబూ? సంతకం పెట్టినాయన తన పిల్లల్ని దీంట్లో ఎక్కించాడా?" అన్నాను.

నవ్వాడు. నేను పిల్లను దింపేశాను. ఇంటికొచ్చేదాకా వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉంది. ఏడవనీ. ఏడవడానికి నా పక్కనే ఉంది.