గోడ మీది కాలు

గాజువాకలో ఇరవై ఏళ్లుగా షాపుల బోర్డులు రాస్తున్నాను. నా చేతికి తిరుగులేదని నాకో పొగరు. అందుకే పోయినేడు చేపల రేవు దగ్గర పొడవాటి గోడ మీద మత్స్యకారుల బొమ్మలు వేసే పని దొరికితే, అక్కడివాళ్లను ఒక్క ముక్క అడగకుండా మొదలుపెట్టేశాను.

ఆ గోడ నీడలో రోజూ వలలు బాగుచేసే మనిషి ఒకడుండేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. వేటకు వెళ్లలేడు గానీ, చిరిగిన వల అతని చేతిలో పడితే చిరుగెక్కడుండేదో మళ్లీ కనిపెట్టలేం. అతన్నే వేశాను. వేస్తూ వేస్తూ జాలిపడి ఆ కాలు దాచేశాను. బాసింపట్టు వేయించి, లుంగీ కప్పి, ఒళ్లో వల పెట్టాను.

సాయంత్రం జనం మూగారు. ఒకటే నవ్వు.

"వల కుడతన్నాడా, బువ్వ తింటన్నాడా బావా?"

నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం నవ్వలేదు. నా ఎదుటే నేల మీద కూర్చుని, ఆ సన్నకాలు బారజాపి, బొటనవేలికి వల తగిలించి లాగాడు. వల బిగిసింది, చిరుగు తెరుచుకుంది. బిగువు లేకపోతే కుట్టు పడదు. వల కుట్టేవాళ్లంతా అలాగే కూర్చుంటారు. వారం రోజులుగా నా కళ్లెదుటే ఉన్నా నేను చూడలేదు.

"కాలు కనబడితే బాగోదని..." నసిగాను.

"ఎవుడికి బాగోదు బావా? రేపు మా యమ్మొత్తాది బొమ్మ సూడ్డానికి. ఈణ్ణి సూసి 'ఎవుడ్రా ఈడు?' అంటే నానేటి సెప్పాలి?"

గొంతులో కోపం లేదు. అంతకంటే బాగా నన్నెవరూ తిట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బొమ్మ మీద తెల్లరంగు కొట్టేసి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆ ఒక్క కాలికే పూటంతా పట్టింది. పిక్క లేని ఎముక, తాడు ఒరుసుకుని కాయలు కాసిన బొటనవేలు. ఎంత పనిమంతురాలో ఆ కాలు! వేస్తున్నకొద్దీ గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం తల్లి వచ్చింది. చూపు బాగా తగ్గిన ముసలావిడ. కొడుకు చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికొచ్చి, ముఖం జోలికి పోకుండా నేరుగా కాలి దగ్గర వంగింది. రంగు తడి ఆరలేదంటున్నా వినలేదు. మోకాలి నుంచి మడమ దాకా అరచేత్తో ఒత్తుకుంటూ వచ్చింది.

"ఏడేళ్లు నూనె రాసేన్రా ఈ కాలికి," అంది కొడుకుతో. "నువ్వే."

రంగంతా చెదిరిపోయింది. దిద్దడానికి నాకు మనసొప్పలేదు.