ఒక్కసారి మాత్రమే మోగే టేపు

మా లైబ్రేరియనమ్మ పోయారు. మొన్న ప్రార్థనకు కూర్చోబోతుంటే మా ఆఖరి చెల్లెలు గోపాలపట్నం నుంచి వచ్చి, "అక్కా, మీ లైబ్రరీ అమ్మగారు..." అని ఆగిపోయింది. ఆ పూట నాకు ప్రార్థనలో మాటలు రాలేదు. ఆవిడ పేరొక్కటే చెప్పుకున్నాను.

ఆవిడ కింద చాలా ఏళ్లు పనిచేశాను. లైబ్రరీలో పుస్తకాలు చూసేది వేరేవాళ్లు. మా ఇద్దరికీ అప్పగించినవి పుస్తకాలు కానివి: స్పూలు టేపులు, గ్రామఫోను రికార్డులు, స్లైడ్లు. ఒక్కోదానికి కార్డు రాసి, అడిగినవాళ్లకి దొరికేలా చెయ్యాలి. "పుస్తకం తెరవగానే తన పేరు చెబుతుంది. టేపు చెప్పదు, కూర్చుని వినాలి" అనేవారు. పెట్టె మీద రాసింది చూసి కార్డు రాస్తే ఊరుకునేవారు కాదు. టేపు ముట్టుకునే ముందు చేతులు కడిగించేవారు. చీర చెంగుకి తుడుచుకుంటే మళ్లీ కడిగించేవారు.

ఒకరోజు పై ఆఫీసరు వచ్చి, బూజు పట్టిన టేపులన్నీ సాయంత్రానికల్లా పారెయ్యమన్నారు. సముద్రపు గాలికి మా అలమరలో బూజు తప్పేది కాదు. ఆ కుప్పలో ఒక పెట్టె మీద "స్టీల్ ప్లాంటు ఊళ్లు" అని మాత్రం ఉంది. ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేయించేముందు, అక్కడివాళ్ల మాటలు ఎవరో రికార్డు చేసి తెచ్చిన టేపది. ప్లాంటులో పనిచేసే ఒకతను అంతకుముందే వచ్చి దీన్ని అడిగి వెళ్లాడు, కార్డు లేక అప్పుడు మాకు దొరకలేదు. వాళ్లమ్మ ఇందులో మాట్లాడిందట. ఊరు వదిలాక ఎంతోకాలం బతకలేదట. ఇంట్లో ఫోటో కూడా లేదట.

ఆవిడ టేపు కొస విప్పితే వేలికి గోధుమరంగు పొడి అంటుకుంది. గొంతు ఉండేది ఆ పొడిలోనే. మోగిస్తే ఒక్కసారే, తరవాత గొంతు మిగలదు. వినకపోతే కార్డు రాయలేం. కార్డు పడ్డ వస్తువును ఆఫీసరు కూడా పారెయ్యలేరు, కార్డు లేనిది సాయంత్రానికి చెత్తే. వెంటనే వినేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"మనం వినేస్తే, ఇక ఆ అబ్బాయి వినడానికి ఏముంటుంది, పెద్దమ్మాయ్?"

అతని సెక్షనుకి ఫోను చేయించారు. కబురు అందిందో లేదో తెలీదు. మధ్యాహ్నం దాటింది. ఆఫీసరుగారి ప్యూను రెండుసార్లు వచ్చి, చచ్చిపోయిన టేపుకి ఈ కాపలా ఏటమ్మా అని నవ్వి వెళ్లాడు. కరెంటు వోల్టేజి పడుతూ లేస్తూ ఉంది. నేను లోలోపల దేవుణ్ణి తలుచుకుంటూ గుమ్మం వైపే చూస్తున్నాను.

పొద్దు వాలుతుండగా అతను వచ్చాడు, డ్యూటీ బూట్లతోనే. ఆవిడ అతనిచేత కూడా చేతులు కడిగించారు. తినడానికి రాలేదమ్మా అంటూనే కడుక్కున్నాడు.

చప్పుడు ఉండకూడదని ఫ్యాను ఆపేశాం. టేపు తిరిగింది. కోళ్ల అరుపులు, ఎవరో పేరడగడం, ఒక ఆడమనిషి నవ్వు. "నానేటి సెప్తాను బాబూ, నా పేరెందుకు?" అతను బల్ల అంచు పట్టుకున్నాడు. మిషను కింద పొడి రాలుతోంది. ఆవిడ చెయ్యి స్విచ్చి మీదే ఉంది, నొక్కలేదు. ఉన్నట్టుండి ఆ గొంతు మైకుకి దూరంగా తిరిగింది.

"ఒరే గుంటడా, ఎండలో ఆడకు. అన్నం తిందువు, రా."

"వత్తన్నానమ్మా," అన్నాడతను.

పైకే అన్నాడు. కాసేపటికి టేపు తెగింది.

తెగింది గానీ పోలేదంటూ ఆవిడ కొసలు రెండూ కలిపి అతికించారు. తరవాత కార్డు తీసి, అతన్ని తల్లి పేరడిగి రాసి, దాని చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టారు. అతను వంగి చూశాడు.

"మా ఊరికేసినట్టే మా అమ్మ పేరుకీ కంచేసీసినారేటమ్మా?"

"కంచె కాదు నాయనా. టేపులో ఆవిడ తన పేరు చెప్పలేదు కదా. బయట తెలిసినవాళ్లు చెబితే ఇలా గీతల మధ్య రాస్తాం. ఈ రెండు గీతలూ నువ్వు."

అతను సిరా తడి ఆరకుండానే కార్డు అడిగి తీసుకుని, రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. అప్పుడే ఆఫీసరు గుమ్మంలోకి వచ్చారు. మా అమ్మగారు అటు తిరిగి, కాస్త ఆగమన్నట్టు చెయ్యెత్తారు. సిరా ఆరేదాకా ఆ చెయ్యి దించలేదు.