కారం బస్తా మార్చినవాణ్ణి

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను.

అప్పుడు గుంటూరులో ఆహార పరీక్షల ల్యాబులో కొత్తగా చేరాను. ఊరి బయట ఒక కాలేజీ హాస్టల్లో పిల్లలు వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఏం తిన్నారో ఒక్కొక్కరినీ అడిగాను. సాంబారు తిన్నవాళ్లలో కొందరు బాగానే ఉన్నారు. చట్నీ తిన్నవాళ్లూ అంతే. ఇడ్లీ మీద వట్టి కారం చల్లుకుని నూనె వేసుకున్నవాళ్లే పడిపోయారు. కూరలో ఉడికితే చచ్చే బాక్టీరియా ఉడకని కారంలో బతికే ఉంటుంది. ఆ కారం మా బాబాయి మిల్లుది.

మిల్లుకు వెళ్లాను. కాయ విరగకుండా మిరపకాయల మీద నీళ్లు చల్లడం మా వైపు మామూలే. ఆ ఏడు బోరు ఎండిపోయి, బాబాయి మురుగుకాలవ పక్క గుంటలోంచి తోడించాడు.

“ఒరేయ్, కారంలో క్రిములా? ఆ ఘాటుకి మనకే ప్రాణం పోతుంది, వాటికి పోదా?” అని నవ్వాడు.

“చావవు బాబాయ్. ఆ నీళ్లు...”

“నీళ్లు అందరూ చల్లేవే. హాస్టల్లో విప్పిన బస్తా జోలికి పోకు. ఇదిగో, నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయ, దీని కారం తీసుకో. నిన్ను చదివించింది నా మిల్లుకు తాళం వేయించడానికా?”

తీసుకున్నాను. హాస్టల్ బస్తాలోదని చీటీ అంటించాను. పరీక్షలో ఏమీ తేలలేదు. దాంతో అందరి చూపూ వంటామె కోటేశ్వరమ్మ గారి చేతుల మీద పడింది. ఆమెను పంపేశారు.

ఎందుకు చేశాను? బాబాయి మీద ప్రేమా, భయమా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగి, ప్రతిసారీ కాస్త మర్యాదగా కనిపించే జవాబునే ఎంచుకున్నాను. నిజం వేరు. ఎవరూ రెండోసారి అడగరని నాకు తెలుసు. అంతే.

మొన్న వాడరేవులో ఆమె ఎండుచేపలు తిరగేస్తూ కనిపించింది. నన్ను గుర్తుపట్టింది.

“ఆ పిల్లలంతా బాగున్నారా బాబూ? అప్పట్నుంచీ మా మనవడికి కూడా ముద్ద కలిపి పెట్టలేదు. నా చేతుల్లో ఏముందోనని.”

తలూపి వచ్చేశాను. అది రెండో తప్పు.

జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి ల్యాబులో ఇచ్చాను. బాబాయికీ చెప్పాను. ఆయన మాట్లాడటం మానేశాడు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. నన్ను క్షమించమని ఆమెను అడగను. రేపు వెళ్లి చెప్పాల్సింది ఇంతే: “మీ చేతుల్లో ఏమీ లేదమ్మా. కారం మార్చింది నేను.”

ఇప్పుడే ఒకసారి పైకి అని చూశాను. మాట ఆగలేదు.