అమ్మవారి బొంతలు, ఆసుపత్రి ముద్ర

కోవిడ్ తగ్గాక వచ్చిన రెండో చలికాలంలో నన్ను మా జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకు మార్చారు. నా హోదా ఎఫ్.ఎన్.ఓ., అంటే ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ. కాగితం మీద ఆ పేరు ఉండేది గానీ వార్డులో అందరికీ నేను ఆయమ్మనే. నా పైన స్టాఫ్ నర్సులు, వాళ్ళ పైన హెడ్ సిస్టరమ్మ, ఆవిడ పైన డాక్టర్లు. నా కింద ఎవరూ లేరు, చీపురు తప్ప. నేను చదివింది మూడో తరగతి. మందులతో, సూదులతో నాకు పని లేదు. వార్డులో బట్ట మాత్రం నా బాధ్యత.

ఆ వార్డుకు రెండు గదులు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళను, బరువు తక్కువవాళ్ళను మొదటి గదిలో వార్మర్ అనే యంత్రం కింద ఉంచుతారు. కొంచెం తేరుకోగానే రెండో గదిలో తల్లి పక్కకు పంపుతారు, ఎందుకంటే ఆ యంత్రం కోసం ఇంకో బిడ్డ ఎదురు చూస్తూ ఉంటుంది. అప్పటిదాకా యంత్రం ఇచ్చిన వెచ్చదనం ఇక బట్ట ఇవ్వాలి. బిడ్డకు చలి పట్టిందో లేదో తెలియడానికి మేము పొట్ట మీద ఒక చెయ్యి, అరికాలి మీద ఒక చెయ్యి వేస్తాం. పొట్ట వెచ్చగా ఉండి కాలు చల్లబడితే చలి మొదలైనట్టు. రెండూ చల్లబడితే మళ్ళీ యంత్రం కిందకే. యంత్రం ఖాళీ లేకపోతే విశాఖపట్నం పంపాలి. అంత దూరం అంత చిన్న ప్రాణి ప్రయాణం చెయ్యడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఆసుపత్రి ఇచ్చే రగ్గులు పెద్దవాళ్ళవి, గరుకు. నేను చిరిగిన దుప్పట్లు కత్తిరించి, అంచు కుట్టి పిల్లలకు వాడేదాన్ని. అవి పలచన. ఒక్కసారి తడిస్తే ఇంక పనికి రావు.

ఆ రోజుల్లో సుభద్రమ్మ గారు అనే ఆవిడ వచ్చి హెడ్ సిస్టరమ్మను కలిశారు. శ్రీముఖలింగానికి దగ్గర పల్లె ఆవిడది. తరతరాలుగా గుడి సేవ చేసే ఇల్లు, ఆవిడ సంగీతం చెప్పేవారు. ఆవిడా, చుట్టుపక్కల ఆడవాళ్ళూ మధ్యాహ్నం పూట కూర్చుని పాత చీరలతో చిన్న బొంతలు కుడుతున్నారట, దిక్కులేని పిల్లలకూ లేనివాళ్ళ పిల్లలకూ ఇస్తారట. సిస్టరమ్మ సంతోషించారు. నేను కుట్టు చూశాను. దగ్గర కుట్టు, ముడి పైకి తేలలేదు, జరీ అంచులు తీసేశారు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

దానంగా వచ్చిన బట్టకు ఒక పద్ధతి ఉంది. ముందు స్టోరులో చూపించాలి, తర్వాత వేడినీళ్ళలో ఉడకబెట్టి ఆరబెట్టాలి, మూలన ఆసుపత్రి ముద్ర వెయ్యాలి, అప్పుడు పంచాలి. బట్ట మీద చెరగని ఒక ఊదా రంగు ఇంకు ఉంటుంది, దానితో వేస్తారు. ముద్ర లేని బట్ట ఎవరు పట్టుకుపోయినా అడిగే హక్కు మాకు ఉండదు. అప్పటికి ఇంకు అయిపోయి, దాని కోసం ఇండెంటు, అంటే స్టోరుకు రాసే కోరిక కాగితం, పెట్టి ఉన్నాం. ఇంకు వచ్చాకే పంచుదామని నేను అన్నాను. చలి ఇంకు కోసం ఆగదని సిస్టరమ్మ అన్నారు. ఆవిడ అన్నదీ నిజమే. ఉడకబెట్టినప్పుడు నీళ్ళు పసుపుపచ్చగా దిగాయి. రంగు పోయే చీరలు అనుకున్నాను.

పంచడానికి సుభద్రమ్మ గారు స్వయంగా వచ్చారు. ఒక్కో మంచం దగ్గర ఆగి, ఇళ్ళల్లో పాత చీరలు అయిపోయాయనీ, అందుకని వాళ్ళ ఊరి అమ్మవారికి మొక్కుగా వచ్చిన చీరల్లో గుడి సేవకు తమ వాటాగా దక్కినవి తెచ్చి కుట్టామనీ, ఇవి మామూలు బొంతలు కావనీ చెప్పారు. తమ దగ్గర ఉన్నవాటిలో మంచివి ఇచ్చామని ఆవిడ ఉద్దేశం. తల్లులు రెండు చేతులతో అందుకున్నారు, కళ్ళకు అద్దుకున్నారు.

సాయంత్రానికి ఒక్క బొంత కూడా బిడ్డ కింద లేదు. మడతపెట్టి తల దగ్గర గోడకి ఆనించి పెట్టుకున్నారు. ఒకళ్ళు కుంకుమ పెట్టారు. ఒకళ్ళు బంతిపువ్వు పెట్టారు, ఎక్కడ సంపాదించారో నాకు తెలియదు. మర్నాడు రౌండ్సుకు వచ్చిన డాక్టరు గారు గుమ్మంలో ఆగి, చెప్పులు బయట విడవాలా అని సిస్టరమ్మను అడిగారు.

కిటికీ పక్క మంచం నూకరత్నానిది. కళింగపట్నం, సముద్రం మీద వేట చేసే ఇల్లు. మగబిడ్డ, యంత్రం కింద నుంచి వచ్చి రెండో రోజు. తల్లి గుండె మీద పడుకోబెట్టుకుంటే బిడ్డకు అన్నిటికన్నా మంచిది గానీ, నూకరత్నానికి ఆపరేషను కుట్లు చీము పట్టి జ్వరం వస్తోంది. ఎక్కువసేపు పెట్టుకోలేకపోతోంది. ఆ ఉదయం నేను చెయ్యి వేస్తే బిడ్డ పొట్ట వెచ్చగా ఉంది, కాలు చల్లగా ఉంది. సిస్టరమ్మ చూసి, సాయంత్రానికి ఇలాగే ఉంటే పంపించెయ్యాలి అన్నారు. యంత్రాలన్నీ నిండి ఉన్నాయి.

నూకరత్నం బొంత వైపు చూసింది. తర్వాత అత్త వైపు చూసింది. అత్త పేరు గురమ్మ. ఆవిడే ఆ మంచానికి పెద్ద.

"బొంతేమో గోడకి, గుంటడేమో గాలికా? ఎవులికోసం తెచ్చినారే అది?" అని గురమ్మను అడిగాను.

"నువ్వు కేకలేత్తే వేసీ ఆయమ్మా. గుంటడు ఉచ్చ పోస్తాడు. అమ్మోరి సీర మీద ఉచ్చ పోయిస్తే ఊరుకుంటాదేటి? నా కొడుకు ఏటకెల్లినాడు. ఆడు సంద్రం మీదున్నాడు. ఇక్కడ ఈడు తడిపితే అక్కడ ఆడికేటౌతాదో నువ్వు సెప్తావేటి?"

చెప్పలేను. ఆ సంగతి నా డ్యూటీలో లేదు. కానీ బిడ్డ కాలు నా డ్యూటీలో ఉంది. బతిమాలడం నాకు చేతకాదు కాబట్టి తిట్టాను. గురమ్మ తిట్లకు కదిలే మనిషి కాదు, తనూ రెండు తిట్టింది. చివరికి తన పాత చీర ఒకటి విప్పి బిడ్డ మీద కప్పింది. అది దోమతెరలా ఉంది.

సిస్టరమ్మ ఫోను చేస్తే సుభద్రమ్మ గారు ఆమదాలవలస మీదుగా ఆటోలో వచ్చారు. మంచం పక్కన నిలబడి, కుట్టింది తానే అనీ, అమ్మవారు ఏమీ అనుకోదనీ నెమ్మదిగా చెప్పారు.

"మీరు గుడోలు, మిమ్మల్ని ఏటీ అనదు. మేం నీల్ల మీద బతికీవోలం," అంది గురమ్మ. "ఒక్క మాట సెప్పండమ్మా. మీ మనవడైతే ఏస్తారేటి?"

సుభద్రమ్మ గారు బొంత మడత మీద చెయ్యి వేశారు. "ఆలోచించుకోవాలి," అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పి ఉంటే నాకు పని తగ్గేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టోరు నుంచి ఇంకు సీసా వచ్చింది. ముద్ర వెయ్యని బట్ట వార్డులో తిరగడం ముందే నాకు నచ్చలేదు కాబట్టి, వెంటనే అన్ని మంచాల దగ్గరా బొంతలు పోగు చేశాను. గురమ్మ తనది ఇవ్వనంది. రూలు అన్నాను. అమ్మోరికి రూలేటని అడిగింది. ఆసుపత్రిలోకి వస్తే ఎవరికైనా రూలే అని చెప్పి లాక్కున్నాను. ఆవిడ నా వెనకే వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

ముద్ర చెక్క దిమ్మ, అరచేతి వెడల్పు. ఆసుపత్రి పేరు, వార్డు పేరు ఉంటాయి. ఇంకు వృథా కాకుండా నొక్కితే ఒక అద్దకానికి రెండు బట్టలు వస్తాయి. కిటికీ మంచం బొంత మూలన నొక్కాను. ఊదా రంగు పసుపు మీద బాగా పట్టింది. గురమ్మ వంగి చూసింది. ఆవిడకు చదువు రాదు గానీ ఆ ముద్ర గుర్తుపట్టింది. మంచాల మీద, బకెట్ల మీద, బెడ్ పాన్ల మీద అదే కదా ఉండేది.

"ఐతే ఇప్పుడిది గవర్మెంటోల్దా?" అంది.

అవును, మీరు ఇంటికి పట్టుకెళ్ళడానికి లేదు అని చెప్పాను.

"అమ్మోరిది కాదన్నమాట."

స్టోరు లెక్కలో అమ్మవారి పేరు లేదన్నాను. అది కూడా నిజమే.

గురమ్మ బొంత తీసుకుని మంచం దగ్గరికి నడిచింది. "ఒసే రత్నం, లెగు. ఇది గవర్మెంటుది అయిపోనాది. గుంటడిని సుట్టీ," అంది. నూకరత్నం అప్పటికే బిడ్డను ఎత్తి పట్టుకుంది. రెండు మడతలు వేసి, తల కప్పి, కాళ్ళ దగ్గర దోపాను. కాసేపట్లోనే వాడు తడిపాడు. గురమ్మ తూర్పు వైపు, అంటే సముద్రం వైపు, ఒకసారి చూసి, తడి బొంత నా చేతికి ఇచ్చింది. నేను ఇంకో బొంత ఇచ్చాను. మిగతా మంచాల వాళ్ళు కూడా అది చూసి కుంకుమ తుడిచి వాడటం మొదలుపెట్టారు. సాయంత్రం సిస్టరమ్మ వచ్చి కాలు పట్టుకుని చూశారు. అంబులెన్సుకు చెప్పక్కర్లేదు అన్నారు.

తర్వాతి వారం సుభద్రమ్మ గారు వచ్చి ముద్ర చూశారు. "ఏవిటమ్మా ఇది, అమ్మవారి చీర మీద రేషను బస్తా మీద కొట్టినట్టు," అన్నారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. అది లేకపోతే బొంత గోడకే ఉండేదని చెప్పాను. ఆవిడ బిడ్డను చూశారు, ముద్రను చూశారు. తర్వాత నుంచి బొంతలు పంపారు గానీ, అవి ఏ చీరలో ఎవరికీ చెప్పలేదు.

బిడ్డను తూకానికి తీసుకురమ్మన్న రోజున అత్తాకోడళ్ళు వచ్చారు. గురమ్మ కొడుకు వేట నుంచి క్షేమంగా వచ్చాడట. చేపలు తక్కువ పడ్డాయని మాత్రం అంది. నూకరత్నం చేతిలో కొత్త బొంత ఉంది, తన చీరలతో తనే కుట్టింది. వల ముడులు వేసే చెయ్యి కాబట్టి ప్రతి కొసా పెద్ద ముడి. పిల్లలకు ఒత్తుకుంటుందని అక్కడే కూర్చోబెట్టి విప్పించి కుట్టించాను. కుట్టాక ఆ పిల్ల, దీన్ని ఉంచుకుని ఆ పాత బొంత ఇమ్మని అడిగింది. బిడ్డను బతికించింది అదేనట. వస్తువుకు వస్తువు మార్చుకోవడానికి సిస్టరమ్మ ఒప్పుకున్నారు.

నేను బీరువా తెరిచి బొంతల దొంతర ముందు పెట్టాను. బ్లీచింగులో ఇన్నాళ్ళు నానాక ఎర్రవీ పచ్చవీ అన్నీ ఒకటే గంజి రంగుకు వచ్చాయి. ముద్రలు మాత్రం చెక్కుచెదరలేదు. గురమ్మ ఒక్కొక్కటీ విప్పింది. "ఇదేనేటి? కాదు. ఇది? ఏమో." నూకరత్నమూ చూసింది. నేనూ చూశాను. ఎవరికీ తెలియలేదు.

"ఉండనీ. ఎవులి గుంటడికో పనికొస్తాది," అని గురమ్మ దొంతర మూసింది. వాళ్ళు తెచ్చిన బొంతను వాళ్ళ ఎదుటే ఉడకబెట్టడానికి వేసి, ఆరాక ముద్ర వేశాను. అది ఆ రోజు సాయంత్రమే ఒక మంచానికి వెళ్ళింది.

రిటైరయ్యే వరకు నేను నేర్చుకుని పాటించిన పద్ధతి ఇది. దానంగా వచ్చిన బట్ట ఎవరిదో జనానికి గుర్తున్నంతకాలం అది పిల్లల కిందకు రాదు. ముద్ర ముందు వెయ్యాలి, పంచడం తర్వాత. ఇంకు సగం సీసా ఉండగానే ఇండెంటు పెట్టాలి.