డ్యూటీ దిగని పేరు

మీకు ఆపద వస్తే మొదటి కబురు ఎవరి ఫోనుకు వెళుతుంది? ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడా?

నేను దయ్యాలను నమ్మను. ఇది చదివిన తర్వాత మీరూ నమ్మాల్సిన పని లేదు. ఖరగ్‌పూర్‌లో పూజారులతోనూ పాస్టర్లతోనూ ఒకే వేదిక మీద వాదించినవాణ్ణి. తద్దినాలు పెట్టేవాళ్ళను మొహం మీదే అడిగాను, చనిపోయినవాడికి ఆకలేమిటని. అయినా జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

ఆ ఊళ్ళోనే, మా పేట తాల్‌బగీచాలో ఒక చిన్న రక్త నిల్వ కేంద్రం ఉంది. రక్తం సంచులు ఆరు డిగ్రీలు దాటితే పనికిరావు. అక్కడి ఫ్రిజ్ వేడి ఎంతుందో అయిదు నిమిషాలకోసారి ఒక కంప్యూటరుకు చేరుతుంది. హద్దు దాటితే ఆ కంప్యూటరే ఫోనుకు మెసేజ్ పంపుతుంది. ఆ ప్రోగ్రాము రాసింది నేనే.

మెసేజ్ మొదట వెళ్ళేది దానియేలు బాబాయికి. మా పక్కింటాయన, రిటైరైన స్టేషన్ మాస్టరు. కేంద్రానికి నాలుగడుగుల దూరంలో ఉంటాడు, ఈ కాపలా ఊరికే చేస్తానన్నాడు. మెసేజ్ చూశాక బొటనవేలు గుర్తు నొక్కితే చాలన్నాను. ఆయనకు మండింది.

"ఈ బొటనేలేటిరా? గేట్‌మేన్ ఊఁ అన్నాడని బండి వొదిలేత్తామా? నెంబరు సెప్పాల!"

రైల్వేలో ప్రైవేట్ నెంబరు అని ఒక పద్ధతి ఉంది. బండి వస్తోందని స్టేషన్ మాస్టరు ఫోను చేస్తే, గేట్‌మేన్ తన దగ్గరున్న కాగితంలోని తర్వాతి నెంబరు చెప్పి, దాన్ని గీత కొట్టేస్తాడు. నెంబర్లకు వరస ఉండదు. కాగితం చూడకుండా ఎవరూ చెప్పలేరు. అవతల మెలకువగా ఉన్న మనిషి విన్నాడనడానికి అదే రుజువు.

బాబాయి అలాంటి కాగితమే సొంతంగా రాసుకున్నాడు. మెసేజ్ రాగానే ఒక నెంబరు పంపేవాడు, స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో గీత కొట్టేవాడు, చెప్పులేసుకుని కేంద్రానికి నడిచేవాడు. ఆయన పంపిన నెంబర్లన్నీ నా కంప్యూటరులో ఉన్నాయి, ఇంకా పంపనివి ఆయన కాగితంలో తప్ప ఎక్కడా లేవు. జవాబు అందగానే, మనిషి వెళుతున్నాడనుకుని ప్రోగ్రాము ఇంకెవరికీ మెసేజ్ పంపదు. పది నిమిషాల్లో జవాబు రాకపోతే మెసేజ్ నాకు వస్తుంది.

వానాకాలంలో బాబాయి గుండెపోటుతో పోయాడు. ఆయన పంపిన చివరి నెంబరు ఎనభై మూడు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక బాబాయి భార్య రూతు పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఆయన పేరు అప్పుడే తియ్యకురా. కొన్నాళ్ళుండనీ."

నేను తియ్యలేదు. తద్దినాలను ఎగతాళి చేసే నేను, చనిపోయిన మనిషి పేరును డ్యూటీలో ఉంచాను. ఆ తర్వాత రెండుసార్లు ఫ్రిజ్ మొరాయించింది. రెండుసార్లూ బాబాయి నుంచి జవాబు లేక మెసేజ్ నాకు వచ్చింది, వెళ్ళి సరిచేశాను. పది నిమిషాలేగా పోయేది అనుకున్నాను.

ఇంతలో మా చెల్లి పద్మ కాన్పుకు వచ్చింది. దానిది దొరకడం కష్టమైన నెగెటివ్ రక్తం. కాన్పులో రక్తం బాగా పోవచ్చని డాక్టరు ముందే చెప్పింది. రెండు సంచులు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టించాను.

అది ఆదివారం. కేంద్రంలో మధ్యాహ్నం ఎవరూ ఉండరు. సాయంత్రం అయిదున్నరకు అక్కడ పనిచేసే మీతా దీదీ ఫోను చేసింది. "దాదా, ఫ్రిజ్ తో గరమ్ హై! ఆప్‌కో మెసేజ్ నహీ ఆయా?"

నాకు ఏ మెసేజీ రాలేదు. ఫ్రిజ్‌లో పద్నాలుగు డిగ్రీలుంది. సంచులన్నీ పారబొయ్యాల్సిందే. ఆ ఫోను పెట్టేలోపే పద్మకు రక్తం పోవడం మొదలైంది.

దాన్ని ఆసుపత్రిలో చేర్చి, పక్క ఊరు మిడ్నాపూర్ నుంచి రక్తం తెప్పించేసరికి రెండున్నర గంటలు పట్టింది. అది లేకుండా ఆపరేషన్ చెయ్యలేమన్నారు. చెల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు పొద్దున్న కంప్యూటరు తెరిచాను. ముందురోజు మధ్యాహ్నం రెండూ పదికి బాబాయికి మెసేజ్ వెళ్ళింది. రెండూ పన్నెండుకు ఆయన ఫోను నుంచి జవాబు వచ్చింది. నలభై ఏడు. అంతే, ప్రోగ్రాము నాకు మెసేజ్ పంపకుండా ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం రూతు పిన్ని మా ఇంట్లోనే ఉంది. పద్మకు చారు పెడుతోంది. బాబాయి ఫోను దాచిన బీరువా తాళంచెవి ఆమె కొంగుకు కట్టి ఉంది. నేనే చూశాను.

పిన్ని చేతే బీరువా తెరిపించాను. ఫోను చీర మడతల మధ్య ఉంది. చార్జింగ్ లేదు, ఆన్ కాలేదు. చార్జింగ్ పెట్టి ఫోనంతా వెతికాను. మెసేజ్‌లు పంపే ఆయన ఖాతాను వేరే పరికరంలో ఎవరూ వాడడం లేదు. దాని కిందనే ఆ నెంబర్ల కాగితం ఉంది. ఎనభై మూడు తర్వాతి నెంబరు నలభై ఏడు. దాని మీద ఎర్ర ఇంకు గీత, స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా.

పిన్ని భయపడలేదు, ఏడవలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

"నువ్వు డ్యూటీ దింపనేదు గదరా. ఆయనేటి సేత్తాడు? మెసేజొచ్చింది, నెంబరు సెప్పినాడు. ఇంక నడిసెల్లడానికి కాళ్ళేయి?"

బాబాయి ముందే ఒక గీత ఎక్కువ కొట్టుకుని ఉండవచ్చు. ప్రోగ్రాములో నాకు కనబడని తప్పు ఉండవచ్చు. కానీ తప్పుకు నలభై ఏడని ఎలా తెలుస్తుంది? నాకంటే తెలివైన ఇద్దరికి చూపించాను. వాళ్ళకూ ఏమీ దొరకలేదు. దయ్యమని నేను ఒప్పుకోను. వేరే కారణం చూపించలేను. చెల్లి మాత్రం ఇప్పటికీ ఒకటే అడుగుతుంది, ఆ పేరు ఎందుకు తియ్యలేదన్నయ్యా అని. దానికి కారణం నాకు తెలుసు, అదే చెప్పలేను.

మీరు నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు. ఇప్పుడే లేవండి. మీ ఆసుపత్రిలో, ఆఫీసులో, ఇంట్లో ఆపద కబురు ముందుగా ఎవరికి వెళుతుందో ఆ జాబితా తెరవండి. పోయినవాళ్ళ పేర్లు తీసెయ్యండి, ఇంట్లోవాళ్ళు వద్దన్నా సరే. మిగిలిన ప్రతి పేరుకూ ఫోను చెయ్యండి. గొంతు వినేదాకా పెట్టెయ్యకండి.